‘కరీ ఫేవర్’: ఇందులో కూర లేదు, ఫేవరూ లేదు (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఇంగ్లిష్ పేపర్లో రాజకీయాల పేజీ చదివేవాళ్లకి, పోటీ పరీక్షలకి ఇడియమ్స్ బట్టీ పట్టేవాళ్లకి ‘కరీ ఫేవర్’ పాత చుట్టమే. మనకి మాత్రం ఆ మాట వినగానే ముక్కుకి పోపు వాసన తగులుతుంది. అక్కడే అందరం బోల్తా పడతాం. ఈ మాట గురించి నన్ను అడిగిన ప్రశ్నలు, నాకు నేనే వేసుకున్నవి కొన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను.

‘కరీ ఫేవర్’ అంటే అర్థం ఏమిటి?

మన పని ఎవరి చేతిలో ఉందో వాళ్లని పొగిడి, అడుగులకు మడుగులొత్తి, అడగని సేవలు కూడా చేసి మంచి చేసుకోవడం. ఉత్త పొగడ్త అయితే దీన్ని వాడరు. పాట బాగా పాడిన పిల్లని ‘భలే పాడావమ్మా’ అంటే అది మెచ్చుకోలు. ఆ పిల్ల తండ్రి మన ఆఫీసులో మేనేజరై ఉండి, ప్రమోషన్ల లిస్టు వచ్చే వారమే రాబోతుంటే, అదే మాట కరీ ఫేవర్ అవుతుంది. అంటే వెనక ఒక పని ఉండాలి, ఎదుట ఒక పెద్ద మనిషి ఉండాలి. ఇంగ్లిష్‌లో ఇది ఎప్పుడూ ఎత్తిపొడుపు మాటే. ‘నేను మా బాస్‌తో కరీ ఫేవర్ చేస్తున్నాను’ అని తన గురించి తాను గర్వంగా చెప్పుకునేవాడు ఉండడు.

ఇందులో ‘కరీ’ అంటే మన కూరేనా?

కాదు. డిగ్రీలో ఉన్నప్పుడు మా అనువాదం పరీక్షలో ఈ మాట వచ్చింది. నా పక్క బెంచీవాడు ‘అతను పై అధికారికి కూర వండిపెట్టి మెప్పు పొందెను’ అని రాశాడు. లెక్చరర్ క్లాసంతా వినేలా చదివి వినిపించారు. ఇప్పుడు ఆలోచిస్తే వాడు పూర్తిగా తప్పు రాయలేదనిపిస్తుంది. క్యారియర్‌లో గుత్తివంకాయ కూర తెచ్చి సారుకి పెట్టడం కూడా కరీ ఫేవర్ కిందికే వస్తుంది కదా. కాకపోతే ఆ మాట పుట్టింది అలా కాదు.

తినే ‘కరీ’ ఇంగ్లిష్‌లోకి తమిళ ‘కరి’ నుంచి వెళ్లిందని పండితులు చెబుతారు. తొలిసారి అది ఇంగ్లిష్ రాతల్లో కనిపించేది 16వ శతాబ్దం చివర్లో, యూరప్ ఓడలు మన తీరాలకి రావడం మొదలయ్యాక. బ్రిటన్‌లో అచ్చయిన వంట పుస్తకంలో ‘ఇండియా పద్ధతిలో కరీ’ చేసే విధానం వచ్చింది ఇంకా ఆలస్యంగా, 1747లో. మన ఇడియమ్ అప్పటికే ముసలిదైపోయింది. దాని తొలి రూపం 1400 నాటికే ఇంగ్లండ్‌లో ఉంది. వాస్కో డ గామా కోళిక్కోడ్‌లో దిగింది 1498లో అని గుర్తు తెచ్చుకుంటే, మన కూరకి దీనితో ఏ చుట్టరికమూ కుదరదని తేలిపోతుంది.

గందరగోళం పెంచడానికి ఇంకో ‘క్యూరీ’ కూడా ఉంది. 1390 ప్రాంతంలో ఇంగ్లండ్ రాజు రెండో రిచర్డ్ వంటవాళ్లు కూర్చిన వంటల సంకలనం పేరు ‘ఫార్మ్ ఆఫ్ క్యూరీ’. ఆ పేరు చూసి ఇంగ్లిష్‌వాళ్లు అప్పుడే కూర తినేవాళ్లని సంబరపడేవాళ్లు ఉన్నారు. అక్కడ క్యూరీ అంటే ఉత్త వంట. ఫ్రెంచిలో వండడాన్ని ‘క్వీర్’ అంటారు, దాని నుంచి వచ్చింది. అంటే వినడానికి ఒకేలా ఉండే మూడు మాటలు, మూడూ మూడు ఊళ్ల నుంచి వచ్చినవి.

మరి ఈ కరీ ఏమిటి?

గుర్రానికి ఒళ్లు దువ్వడం. పాత ఫ్రెంచిలో సిద్ధం చేయడం, తీర్చిదిద్దడం అనే అర్థం ఉన్న ఒక క్రియ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. గుర్రాల శాలల్లో ఇప్పటికీ ‘కరీ కోంబ్’ అనే పనిముట్టు ఉంటుంది. అరచేతిలో ఇమిడేలా ఉండి, రబ్బరుతోనో ఇనుముతోనో చేసిన పొట్టి పళ్లుంటాయి. దాన్ని గుండ్రంగా తిప్పుతూ రుద్దితే ఎండిన బురద, చుండు, ఊడిన వెంట్రుకలు పైకి లేస్తాయి. తర్వాత బ్రష్‌తో దులిపేస్తారు. గుర్రాలకి ఇదంటే ప్రాణం. మెడ కింద, భుజాల మధ్య ఉండే ఎత్తు దగ్గర రుద్దితే కళ్లు అరమోడ్చి పెదవి వేలాడేస్తాయి. గుర్రాలు రెండు ఎదురెదురుగా నిలబడి ఒకదాని భుజం ఒకటి పళ్లతో గోక్కోవడం కూడా అందుకే. పల్లెటూరి వాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. గేదెని చెరువులో దింపి గడ్డిచుట్టతో తోముతుంటే అది కదలకుండా ఎలా నిలబడుతుందో, పొగరుబోతు ఎద్దు కూడా గంగడోలు నిమిరితే ఎలా మెత్తబడుతుందో తెలిసినవాళ్లకి ఈ ఇడియమ్ సగం అర్థమైనట్టే.

తోలు పనిలోనూ ఈ మాట ఉంది. ఊనిన తోలుని గీకి, నూనె పట్టించి, మెత్తబరిచి పనికొచ్చేలా చేయడాన్ని కూడా కరీ అనే అంటారు. ఆ పనివాడు ‘కరియర్’. లండన్‌లో ఈ కరియర్ల పాత వృత్తి సంఘం ఇప్పటికీ ఉంది. అమెరికాలో, ఇంగ్లండ్‌లో కరియర్ అనే ఇంటిపేరున్న వాళ్ల ముత్తాతలెవరో ఈ పని చేసినవాళ్లే అయ్యుంటారు.

కరీ సంగతి సరే, ఫేవర్ మాత్రం మేలు, దయ అనే అర్థమే కదా?

ఇప్పుడు అవును. పుట్టినప్పుడు కాదు. మొదట్లో ఈ మాట ‘కరీ ఫేవెల్’. చివర ‘ర్’ కాదు, ‘ల్’. ఫేవెల్ అనేది ఒక గుర్రం పేరు. ఫ్రెంచిలో దాన్ని ఫోవెల్ అంటారు. అంటే ఈ ఇడియమ్‌లో మొదటి మాటని మనం తప్పుగా అర్థం చేసుకుంటున్నాం, రెండో మాటని ఇంగ్లిష్‌వాళ్లే తప్పుగా విన్నారు. అసలు అర్థం ‘ఫోవెల్ అనే గుర్రాన్ని దువ్వడం’.

ఎవరీ ఫోవెల్?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. కాస్త తీరిగ్గా చెప్తాను.

14వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌ని నాలుగో ఫిలిప్ ఏలుతున్నాడు. ‘అందగాడు’ అని బిరుదు. డబ్బు అవసరాలు ఎక్కువ, దయాదాక్షిణ్యాలు తక్కువ. టెంప్లర్లు అనే సంపన్న సైనిక సన్యాసుల్ని 1307 అక్టోబరు 13న దేశమంతా ఒకేరోజు అరెస్టు చేయించింది ఈయనే. ఆయన కార్యాలయంలో రాజపత్రాలు రాసే గుమస్తా ఒకడున్నాడు, పేరు జెర్వే ద్యు బ్యుస్. పగలంతా రాజుగారి ఉత్తర్వులు రాసేవాడు. ఇంటికెళ్లి అదే దర్బారు మీద వ్యంగ్య కావ్యం రాశాడు. దాని పేరు ‘రొమాన్ ద ఫోవెల్’. మొదటి భాగం 1310లో, రెండోది 1314లో పూర్తయ్యాయి. రెండూ కలిపి 3,280 పంక్తులు. ఉద్యోగం మీద, మెడ మీద ఆశ ఉన్నవాడు కాబట్టి పేరు పైన పెట్టుకోలేదు, చివర్లో ఒక పొడుపుకథలో దాచాడు.

కథలో ఫోవెల్ ఒక గుర్రం. పండుటాకు రంగు ఒళ్లు. మామూలుగా గుర్రం శాలలో ఉండాలి. కానీ అదృష్టదేవత ఫార్చ్యూన్ చక్రం తిప్పింది, ఫోవెల్ శాల వదిలి రాజభవనంలో అడుగుపెట్టింది. మంచి గది చూసుకుని అందులోనే గడ్డితొట్టి పెట్టించుకుంది. అంతే, దాన్ని దువ్వడానికి జనం క్యూ కట్టారు. చిన్నాచితకా వాళ్లు కాదు. పోప్, కార్డినల్స్, రాజులు, ప్రభువులు, న్యాయాధికారులు, సన్యాసులు. ఒకడు జూలు దువ్వుతాడు, ఒకడు వీపు తుడుస్తాడు, ఒకడు పేడ ఎత్తిపోస్తాడు. దేశాన్ని నడపాల్సిన వాళ్లంతా పనులు మానేసి గుర్రం చుట్టూ బ్రష్షులు పట్టుకుని తిరుగుతుంటారు. గుర్రం మనిషిని మోయాలి గానీ, ఇక్కడ మనుషులే గుర్రాన్ని మోస్తున్నారు. లోకం తలకిందులైందని గుమస్తా బాధ.

రెండో భాగంలో ఫోవెల్‌కి ఒక భయం పట్టుకుంటుంది. నన్ను పైకి తెచ్చింది అదృష్టం. రేపు చక్రం మళ్లీ తిరిగితే? దీనికి విరుగుడుగా అదృష్టదేవతనే పెళ్లి చేసుకుందామని బయల్దేరుతుంది. నా మటుకు కావ్యమంతటికీ తెలివైన ఘట్టం ఇదే. ఎవరివల్లో గద్దెనెక్కినవాడికి నిద్ర పట్టని సంగతి గుమస్తాకి బాగా తెలుసు, రోజూ చూసేవాడు కదా. ఫార్చ్యూన్ ఫోవెల్‌కి గట్టిగా గడ్డిపెట్టి, నీకు నేను కాదు, ఈవిడ సరిజోడు అని వట్టి డాంబికం అనే స్త్రీని చూపిస్తుంది. పెళ్లవుతుంది. ఆ దంపతులకి పుట్టిన పిల్ల ఫోవెల్‌లు దేశమంతా నిండిపోతాయి.

రెండో భాగానికి 1314 డిసెంబరు తేదీ ఉంది. అంతకు కొద్దిరోజుల ముందే, నవంబరు 29న, ఫిలిప్ చనిపోయాడు. ఆయన కుడిభుజంగా ఉండి రాజ్యంలో చక్రం తిప్పిన ఆంగెరాన్ ద మారిన్యీని మరుసటి ఏడాది ఏప్రిల్ 30న పారిస్ శివార్లలో ఉరితీశారు. ఫోవెల్ అంటే ఈ మారిన్యీయే అని అప్పట్లో చాలామంది చదువుకుని ఉంటారు. నిన్నటిదాకా అతన్ని దువ్విన చేతులు ఆ రోజు ఏం చేస్తున్నాయో కావ్యం చెప్పదు.

గుర్రానికి ఆ పేరే ఎందుకు పెట్టారు?

రెండు కారణాలు. ఒకటి రంగు. ఫ్రెంచిలో ‘ఫోవ్’ అంటే పండిన ఆకులా, ఎండిన గడ్డిలా ఉండే గోధుమ పసుపు. అటు ఎరుపూ కాదు, ఇటు పసుపూ కాదు. ఆ రోజుల్లో ఈ రంగు గుర్రాన్ని మోసానికి గుర్తుగా చూసేవాళ్లు. 1905లో పారిస్‌లో ముదురు రంగులతో బొమ్మలు వేసిన మాటీస్, ఆయన మిత్రుల్ని ఓ విమర్శకుడు ‘ఫోవ్’లు, అంటే అడవి మృగాలు అని వెక్కిరించాడు. అదీ ఈ మాటే. ఫోవిజమ్ అనే పేరు అలా వచ్చింది.

రెండోది అక్షరాల ఆట. ఫోవెల్ పేరుని ఫ్రెంచిలో ఎఫ్, ఎ, యు, వి, ఇ, ఎల్ అని రాస్తారు. ఆ ఆరు అక్షరాలూ ఆరు దుర్గుణాలకి మొదటి అక్షరాలు: ముఖస్తుతి, పేరాశ, నీచత్వం, నిలకడలేనితనం, అసూయ, పిరికితనం. ఫ్రెంచిలో వరసగా ఫ్లాతెరీ, అవరీస్, విలనీ, వరియెతే, ఆంవీ, లాష్తే. పేరులో ‘యు’, ‘వి’ రెండూ ఉండగా, రెండు ‘వి’లు ఎలా వచ్చాయని పట్టి చూసేవాళ్లకి సందేహం రావచ్చు. అప్పటి రాతలో ఆ రెంటికీ ఒకే అక్షరం. ఆరింటిలో ముఖస్తుతిని ముందు నిలబెట్టాడు గుమస్తా.

ఆ గుర్రం ఇంగ్లండ్‌కి ఎలా వెళ్లింది?

ఓడెక్కి కాదు, భాషెక్కి. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు గెలిచినప్పటి నుంచి ఇంగ్లండ్ దర్బారు భాష ఫ్రెంచే. మన దగ్గర నిజాం కాలంలో కచేరీ భాష ఉర్దూ అయినందుకు దస్తావేజు, జప్తు, మునసబు లాంటి మాటలు ఊళ్లలోకి దిగినట్టే, అక్కడ ఫ్రెంచి దిగింది. దానికితోడు ఫిలిప్ కూతురు ఇసబెల్లా 1308లో ఇంగ్లండ్ రాజు రెండో ఎడ్వర్డ్‌ని పెళ్లాడింది. రాకపోకలకి కొదవ లేదు.

ఫేవెల్ అనే మాట ఇంగ్లండ్‌లో గుర్రాన్ని వదిలేసి మనిషైపోయింది. 14వ శతాబ్దంలో విలియం లాంగ్‌లాండ్ రాసిన ‘పియర్స్ ప్లౌమన్’లో ఫేవెల్ తీయని మాటలు చెప్పి చెడ్డ పెళ్లి కుదిర్చే పాత్ర. వధువు పేరు మీడ్, అంటే ప్రతిఫలం, మనం లంచం అనుకోవచ్చు. మరో వందేళ్ల తర్వాత జాన్ స్కెల్టన్ రాసిన ‘బౌజ్ ఆఫ్ కోర్ట్’లో దర్బారు అనే ఓడ ఎక్కిన కొత్తవాడికి ఎదురయ్యే వాళ్లలో ఒకడు ఫేవెల్, నోటినిండా పొగడ్తలే. ఆ పేరులోని బౌజ్ అంటే రాజుగారి ఖర్చుతో ఆశ్రితులకి దొరికే ఉచిత భోజనం. కూర లేదన్నాను గానీ, తిండి మాత్రం మొత్తానికి కథలోకి వచ్చేసింది.

ఫేవెల్ కాస్తా ఫేవర్ ఎలా అయింది?

జనం గుర్రాన్ని మరిచిపోయారు. ఫేవెల్ ఎవరో తెలియదు, కానీ మాట వాడుకలో ఉంది. ‘కరీ ఫేవెల్’ అని విన్నవాడు, దాని అర్థం పెద్దవాళ్ల దయ సంపాదించడమే కాబట్టి ‘ఓహో, ఫేవర్ అన్నమాట’ అనుకున్నాడు. 16వ శతాబ్దం మొదట్లో ఈ మార్పు రాతల్లోకి వచ్చేసింది. అర్థం చెడలేదు, ఇంకా తేటపడింది కూడా. అందుకే ఎవరూ దిద్దలేదు.

ఇంగ్లిష్‌లో ఇలాంటివి బోలెడు. ‘క్రేఫిష్’లో చేపే లేదు. ఫ్రెంచి పేరు చివర శబ్దాన్ని ‘ఫిష్’ అని విని అలా చేశారు, నిజానికది రొయ్యలు, పీతల జాతి. ‘జెరూసలెం ఆర్టిచోక్’ దుంపకి ఆ ఊరితో సంబంధమే లేదు. దాని చుట్టమైన పొద్దుతిరుగుడు పువ్వుని ఇటాలియన్లు ‘జిరసోలే’ అనడంతో వచ్చిన తంటా అది. తెలియని మాట చెవిన పడితే తెలిసిన మాటగా మార్చుకోవడం మనిషికి సహజం. నా క్లాసువాడు కూర అని రాసింది కూడా ఈ పద్ధతిలోనే, కాకపోతే వాడికి మార్కులు పోయాయి.

తెలుగులో దీనికి సరైన మాట ఏది?

కాకా పట్టడం, భజన చేయడం, ఇచ్చకాలు పలకడం, ఉబ్బేయడం అని చాలానే చెప్తారు. ఇవన్నీ నడుస్తాయి. కానీ నన్నడిగితే అతికినట్టు సరిపోయే మాట ‘దువ్వడం’. ఎన్నికలప్పుడు పేపర్లో ‘అసంతృప్తుల్ని దువ్వుతున్న నేతలు’ అని వస్తుంది చూడండి, అదే. అర్థం ఒకటే, బొమ్మ కూడా ఒకటే. జంతువు ఒళ్లు దువ్వి మచ్చిక చేసుకున్నట్టు మనిషిని మచ్చిక చేసుకోవడం. ఫోవెల్ కావ్యం మనవాళ్లు చదివి పెట్టింది కాదు, పారిస్‌వాళ్లు మన దగ్గర నేర్చుకున్నదీ కాదు. పశువుల్ని పెంచిన ఎవరికైనా తట్టే పోలిక.

దువ్వడం అనే మాటని మనం ఇంకా ఎన్ని రకాలుగా తిప్పామో చూస్తే ముచ్చటేస్తుంది. మీసం దువ్వితే పౌరుషం. కాలు దువ్వితే కయ్యం. ఒళ్లు దువ్వితే వియ్యం. మీసం, కాలు ఎవరివి వాళ్లు దువ్వుకునేవి. ఎదుటివాడి ఒళ్లు దువ్వినప్పుడే అది కరీ ఫేవర్.

మిగతా వాటి మధ్య తేడాలున్నాయి. ‘మునగచెట్టు ఎక్కించడం’ ముఖస్తుతే, కానీ అందులో ప్రమాదం దాగుంది. మునగ కొమ్మ పెళుసు, ఎక్కినవాడు కింద పడటం ఖాయం. కరీ ఫేవర్ చేసేవాడు ఎదుటివాడు పడిపోవాలని కోరుకోడు, పైనే ఉండాలి, అప్పుడే తనకి లాభం. కాబట్టి ఈ రెండూ ఒకటి కావు. ‘బాకా ఊదడం’, ‘డప్పు కొట్టడం’ నలుగురి ముందు చేసేవి. దువ్వడం దగ్గరికెళ్లి చేసేది. కుర్రాళ్లు అనే ‘ఐస్ చేయడం’, ‘సోప్ వేయడం’, ‘బిస్కెట్లు వేయడం’ సరదా మాటలు. అమ్మని ఐస్ చేసి సినిమాకి డబ్బులు అడగొచ్చు. అక్కడ కరీ ఫేవర్ అంటే బరువెక్కువైపోతుంది.

ఒక్క జాగ్రత్త. హిందీలో ‘మస్కా లగానా’ అంటే వెన్న రాయడం, అంటే పొగడడం. హైదరాబాద్ ఇరానీ హోటల్లో బన్ మస్కా తినేవాళ్లకి మస్కా అంటే వెన్న అని తెలుసు. తెలుగులో ‘మస్కా కొట్టడం’ అంటే మాత్రం మాయచేసి తప్పించుకోవడం. అనువాదంలో ఈ రెండూ కలిపేస్తే ప్రమాదమే.

ఇంగ్లిష్‌లో ‘కరీ’ అంటే కొట్టడం అనే అర్థం కూడా ఉండేదా?

ఉండేది. తోలుని బాది మెత్తబరిచే పని కాబట్టి ఎవరి ఒళ్లయినా ‘కరీ’ చేయడమంటే చితకబాదడం అనే వాడుక కూడా పాత ఇంగ్లిష్ రాతల్లో కనిపిస్తుంది. ప్రేమగా చేసే పనే దెబ్బలకి పేరవడం మనకేం వింత కాదు. అమ్మ తలంటు పోస్తే పండగ, ఆఫీసులో సారు తలంటితే ఆ రోజంతా టెన్షన్.

‘బటర్ అప్’ కూడా ఇదే కదా? అది మన దేశంలో పుట్టిందంటారు, నిజమేనా?

అర్థంలో దగ్గరివే. బటర్ అప్ చేయడానికి నోరు చాలు. కరీ ఫేవర్‌లో సేవలు, కానుకలు, తలాడించడాలు అన్నీ వస్తాయి.

పుట్టుక విషయం వేరే. పూర్వం భారతదేశంలో భక్తులు దేవుడి విగ్రహాల మీదకి వెన్న ఉండలు విసిరి వరాలు కోరేవారని, ఆ ఆచారం నుంచే ఇంగ్లిష్‌లో ఈ మాట పుట్టిందని ఇంటర్నెట్‌లో చాలాచోట్ల రాసి ఉంటుంది. వెన్న విసరడం కట్టుకథ కాదు. మదురై మీనాక్షి గుడిలో ఊర్ధ్వతాండవ మూర్తి మీద, కాళి మీద వెన్న ఉండలు విసిరే ఆచారం ఉండేది, వాళ్ల ఉగ్రం చల్లారాలని. ఆంజనేయుడికి వెన్నకాపు కూడా మనకి తెలిసిందే. కానీ ఆ గుడి నుంచి లండన్ వీధిదాకా ఈ మాట నడిచి వెళ్లినట్టు ఎవరూ ఆధారం చూపించలేదు. ఇంగ్లిష్‌లో బటర్ చేయడం అంటే పొగడడం అనే అర్థం 18వ శతాబ్దం చివరికే రాతల్లో కనిపిస్తుంది. రోజూ రొట్టెకి వెన్న రాసుకునే వాళ్లకి, గరుకుగా ఉన్నదాన్ని నున్నగా చేసే ఆ పోలిక తట్టడానికి మదురై దాకా రానక్కర్లేదు. వంటింట్లో కత్తి పట్టుకుంటే చాలు. మన గొప్ప చెప్పే కథ కాబట్టి వెంటనే ఫార్వర్డ్ చేయబుద్ధవుతుంది, నాకూ ఒకప్పుడు అయింది.

పొగడ్తల మీద ఇంగ్లిష్‌లో ఇంకా ఏమున్నాయి?

చాలా ఉన్నాయి, నాకు ఇష్టమైనవి మూడు చెప్పి ఊరుకుంటాను. ‘టోడీ’ అంటే పెద్దవాళ్ల వెంట తిరిగే భజనపరుడు. దీని మూలం ‘కప్పలు తినేవాడు’. ఒకప్పుడు సంతల్లో మందులమ్మే బూటకపు వైద్యుడు ఒక కుర్రాణ్ణి వెంటేసుకొచ్చేవాడు. అతను విషమని జనం నమ్మే గోదురుకప్పని మింగినట్టు నటిస్తే, వైద్యుడు మందు వేసి బతికించినట్టు నటించేవాడు. యజమాని కోసం కప్పనైనా మింగేవాడు టోడీ.

‘బ్లార్నీ’ అనేది ఐర్లండ్‌లో కార్క్ నగరం దగ్గరి ఒక కోట పేరు. ఆ కోట గోడలో ఉన్న రాయిని ముద్దు పెట్టుకుంటే మాటకారితనం వస్తుందని నమ్మకం. ఊరికే కాదు, పైకెక్కి, వెల్లకిలా వెనక్కి వాలి, ఇనుప కమ్మీలు పట్టుకుని తలకిందులుగా పెట్టాలి. అంత తిప్పలుపడి నేర్చుకున్న పొగడ్త వినడానికైనా బాగుంటుందేమో.

‘సికోఫంట్’ గ్రీకు మాట. పాత ఏథెన్స్‌లో దానికి అర్థం పొగిడేవాడు కాదు, లాభం కోసం పక్కవాడి మీద కేసులు పెట్టే చాడీకోరు. ఇప్పటి గ్రీకులో కూడా అభాండాలు వేసేవాడనే అర్థమే. తర్వాతే అది ముఖస్తుతి వైపు జరిగింది. ఒకరి దగ్గర ఇంకొకరి మీద చాడీలు చెప్పేవాడు, వినేవాణ్ణి పొగడకుండా ఉంటాడా మరి.

వాక్యంలో ఎలా వాడాలి? పరీక్షల్లో ఎలా అడుగుతారు?

ఎవర్ని దువ్వుతున్నారో ఆ పేరుకి ముందు ‘విత్’ రావాలి. ‘హీ ఈజ్ ట్రయింగ్ టు కరీ ఫేవర్ విత్ ద మినిస్టర్’. విత్ బదులు ‘టు’, ‘ఫ్రమ్’ పెట్టడం మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. ఫేవర్ ఇక్కడ ఏకవచనమే, ‘ఫేవర్స్’ అనకూడదు. బ్రిటిష్ స్పెల్లింగ్‌లో ఫేవర్‌కి ‘యు’ ఉంటుంది, అమెరికన్‌లో ఉండదు. స్టాఫ్ సెలక్షన్, బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్లు ‘పొగడ్తలతో మెప్పు పొందడం’ అనే అర్థం గుర్తుపెట్టుకుంటే చాలు. ఆప్షన్లలో వంటకి సంబంధించింది ఏదైనా కనిపిస్తే అది మీ కోసం పెట్టిన ఉచ్చే.

దేశాల గురించి కూడా వాడతారు. చిన్న దేశం పెద్ద దేశం కోసం ఓటు వేస్తే, కంపెనీ ప్రభుత్వం మెప్పు కోసం ప్రకటన ఇస్తే పేపర్లు ఈ మాటే రాస్తాయి. తెలుగులో అక్కడ ‘ప్రసన్నం చేసుకునే ప్రయత్నం’ అంటే బాగుంటుంది. దేవుణ్ణి, పెద్ద దేశాన్ని ఒకే మాటతో సరిపెట్టేయొచ్చు.

ఫోవెల్ బొమ్మలు ఎక్కడైనా చూడొచ్చా?

చూడొచ్చు. గుమస్తా కావ్యానికి కొద్ది ఏళ్ల తర్వాత, 1317 ప్రాంతంలో, షాయూ ద పెస్తెన్ అనే ఆయన చేతిలో అది ఇంకా పెరిగింది. రంగుల బొమ్మలు, 160కి పైగా పాటలు చేర్చి పెద్ద చేతిరాత ప్రతి తయారుచేశారు. అది పారిస్‌లోని ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో 146 నంబరు ఫ్రెంచి రాతప్రతిగా ఉంది. వాళ్ల డిజిటల్ లైబ్రరీ గాలికాలో ఇంట్లో కూర్చుని పేజీలు తిరగేయొచ్చు, డబ్బులేం కట్టక్కర్లేదు. ఫోవెల్ కొన్ని బొమ్మల్లో మామూలు గుర్రం, కొన్నిట్లో గుర్రం తలతో సింహాసనం మీద కూర్చున్న మనిషి. పెళ్లి రాత్రి బయట వీధిలో జనం ముసుగులు తొడుక్కుని, గిన్నెలు, డప్పులు వాయిస్తూ చేసే గోల బొమ్మ సంగీతచరిత్ర పుస్తకాల్లో తరచూ వస్తుంది. ముందు దాన్ని వెతకండి. లోపల పడకగదిలో ఫోవెల్, బయట ఊరంతా పళ్లాలు మోగిస్తూ.